ఉచితంగా దొరకడం వేరు, మార్చుకోగలగడం వేరు: విశ్వవిద్యాలయ పాఠాల రిపాజిటరీలు

విశ్వవిద్యాలయంలో ఒక పేపరు బోధించడానికి అధ్యాపకులు తయారుచేసుకునే సామగ్రిలో అచ్చుపుస్తకంగా బయటికి వచ్చేది చాలా కొద్ది. స్లయిడ్లు, లెక్కల షీట్లు, ప్రయోగశాల మాన్యువళ్లు, పాత ప్రశ్నలకు రాసిపెట్టుకున్న జవాబులు, ఉదాహరణల కోసం పోగుచేసిన గణాంకాలు ఒకరి ల్యాప్‌టాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉండిపోతాయి. ఆ అధ్యాపకులు బదిలీ అయినప్పుడో పదవీ విరమణ చేసినప్పుడో అవీ వారితోపాటే వెళ్లిపోతాయి. పక్క జిల్లా కళాశాలలో అదే సిలబస్ చెప్పే మరొకరు అదే పటాన్ని మళ్లీ మొదటి నుంచి గీసుకుంటారు. ప్రజాధనంతో జీతాలు తీసుకుంటూ ప్రజలకోసం చేసిన ఈ పని ఇలా ఎక్కడికక్కడ ఆవిరైపోకుండా ఆపాలన్న ఆలోచనలోంచే, వాడుకునేందుకు, మార్చుకునేందుకు అందరికీ ముందే అనుమతి ఇచ్చే ఓపెన్ లైసెన్సు కింద పాఠ్యవనరులను ఆన్‌లైన్ రిపాజిటరీలలో, అంటే ఎవరైనా వెతికి తీసుకోగల డిజిటల్ భాండారాలలో, ఉంచే పద్ధతి పుట్టింది. పాతికేళ్ల అనుభవం చూస్తే సామగ్రిని అక్కడ పెట్టడం అంత కష్టం కాలేదనీ, దాన్ని తీసుకున్న మరో అధ్యాపకుడు తన తరగతికి తగినట్టు మార్చుకోగలగడమే కష్టమైందనీ తెలుస్తుంది. లైసెన్సు మార్చుకునే హక్కును ఇస్తుంది. ఆ హక్కు అక్కరకు వస్తుందా రాదా అన్నది ఫైలు ఏ రూపంలో ఉంది, దాని గురించి ఏం రాసి పెట్టారు, అది రేపు కూడా అక్కడే ఉంటుందా అన్నవాటిని బట్టి తేలుతుంది.

ఈ పద్ధతికి కావలసిన పనిముట్లన్నీ దాదాపు ఒకే సమయంలో సిద్ధమయ్యాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బరానియుక్ 1999లో కనెక్షన్స్ అనే వేదికను మొదలుపెట్టారు. పాఠాన్ని చిన్న చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టి, ఎవరైనా తీసుకుని వేరే క్రమంలో పేర్చుకునేలా దాన్ని రూపొందించారు. తరువాత 2012లో వచ్చిన ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలకు మూలం అదే. అక్కడి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ తెరిచి ఉంచుతామని 2001 ఏప్రిల్‌లో ప్రకటించి, మరుసటి ఏడాది తొలి కోర్సులను వెబ్‌లో పెట్టింది. 2002 జులైలో పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశం ఇలాంటి సామగ్రికి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అని పేరు పెట్టింది. రచయితలు ఇలాంటి అనుమతిని సులువుగా ప్రకటించేందుకు క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే సంస్థ రాసిన తొలి లైసెన్సులు అదే ఏడాది డిసెంబరులో వెలువడ్డాయి. ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి రిపాజిటరీలు నడపడానికి తయారుచేసిన డీస్పేస్ సాఫ్ట్‌వేర్ కూడా ఆ ఏడాదే విడుదలైంది. నేడు భారతీయ పరిశోధన గ్రంథాల రిపాజిటరీ శోధ్‌గంగ, ఇగ్నో పాఠాల రిపాజిటరీ ఈజ్ఞానకోశ్ నడుస్తున్నది దాని మీదే. 2019 నవంబరు 25న యునెస్కో సర్వసభ్య సమావేశం ఈ అంశం మీద ఒక సిఫార్సును ఆమోదించింది. వెల లేకుండా అందడంతో సరిపెట్టకుండా, తిరిగి వాడుకునేందుకు, వేరే అవసరానికి మలచుకునేందుకు, మార్చుకునేందుకు, పంచేందుకు అనుమతి ఉండాలన్నది ఆ సిఫార్సులోని నిర్వచనం. వెల లేకపోవడం వీటిలో ఒక షరతు మాత్రమే. మన దగ్గర మాత్రం చర్చ తరచుగా దాని దగ్గరే ఆగిపోతోంది.

అసలు లైసెన్సు ఎందుకు, పాఠాలు చెప్పుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది కదా అన్న ప్రశ్న సహజమే. 1957 నాటి భారత కాపీరైటు చట్టం 52(1)(i) సెక్షను ప్రకారం బోధన క్రమంలో అధ్యాపకుడు గానీ విద్యార్థి గానీ ఒక రచనకు ప్రతి తీసుకోవడం ఉల్లంఘన కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం వేరువేరు పుస్తకాల భాగాలను కూర్చిన కోర్సుప్యాకులను జిరాక్సు తీసి అమ్ముతోందంటూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో ఈ సెక్షనుకు విశాలమైన అర్థం చెప్పి విద్యార్థుల పక్షాన నిలిచింది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి కూడా ఆ సూత్రాన్ని నిలబెట్టింది. చదువుకునేవారికి ఎంతో మేలు చేసిన తీర్పు ఇది. అయితే దాని రక్షణ బోధన క్రమానికి పరిమితం. అదే అధ్యాయాన్ని, అదే పటాన్ని ఎవరైనా తెరవగల వెబ్‌సైటులో శాశ్వతంగా పెట్టడం తరగతిలో బోధించడం కిందికి వస్తుందని ధీమాగా చెప్పలేం. తరగతి గదిలో నిశ్చింతగా చూపిన స్లయిడు రిపాజిటరీలోకి వెళ్లేసరికి వివాదానికి తావిచ్చేది ఇందుకే. ఇక్కడ కావలసింది రచయిత ముందుగానే రాసిచ్చిన అనుమతి. ఓపెన్ లైసెన్సు చేసే పని అదే.

ఆ లైసెన్సు ఏది అన్నది మాత్రం చిన్న విషయం కాదు. గణాంకశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు ఒకరు సంభావ్యత మీద తన విద్యార్థులకోసం ఒకే పాఠం కూర్చుకోవాలనుకున్నారనుకుందాం. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ నుంచి కొన్ని లెక్కలు, తెలుగు వికీపీడియా నుంచి నిర్వచనాల భాగం, ఓపెన్‌స్టాక్స్ పరిచయ గణాంకశాస్త్ర పుస్తకం నుంచి ఒక ఉదాహరణ తీసుకుని, మూడింటినీ కలిపి తన మాటల్లో తిరగరాయాలన్నది ఆమె ఆలోచన. మూడూ ఓపెన్ లైసెన్సు కింద ఉన్నవే. ఓపెన్‌స్టాక్స్ పుస్తకాల్లో ఎక్కువ భాగానికి ఉన్న సీసీ బై లైసెన్సు మూలకర్త పేరు చెప్పమని మాత్రమే అడుగుతుంది కాబట్టి దాంతో చిక్కు లేదు. వికీపీడియా వ్యాసాలకు ఉన్నది సీసీ బై-ఎస్ఏ. పేరు చెప్పడంతోపాటు, మార్చి తయారుచేసిన దాన్ని కూడా అదే లైసెన్సు కింద విడుదల చేయాలన్నది దాని షరతు. ఎంఐటీ సామగ్రికి ఉన్నది సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ. అది వాణిజ్య వాడకాన్ని నిషేధిస్తూనే, కొత్త రూపాన్నీ అదే నిషేధంతో విడుదల చేయమంటుంది. ఒకటి వాణిజ్య వాడకాన్ని తప్పనిసరిగా అనుమతించమంటే రెండోది తప్పనిసరిగా నిషేధించమంటోంది. ఈ రెంటినీ కలిపి తిరగరాసిన పాఠానికి ఏ లైసెన్సు పెట్టినా ఒక మూలం షరతు తప్పుతుంది. దేని పేజీ దానిగా, విడివిడిగా, తమ తమ లైసెన్సులతో ఒకే సంకలనంలో ఉంచితే అడ్డు లేదు. కలిపి కొత్తగా రాస్తే మాత్రం అడ్డే. ఏళ్ల కిందట వేరువేరు సంస్థలు మంచి ఉద్దేశంతోనే తీసుకున్న నిర్ణయాల ఫలితంగా, ఇద్దరు దాతలు ఇచ్చినవి ఒక్క పాఠంలో ఇమడని పరిస్థితి వచ్చింది.

వాణిజ్య నిషేధం గురించి మన కళాశాలల్లో మరో భయం ఉంది. ఫీజు వసూలుచేసే ప్రైవేటు కళాశాల ఆ సామగ్రిని వాడితే అది వాణిజ్యం అవుతుందా? జిరాక్సు కేంద్రం పేజీకి రూపాయి తీసుకుని ప్రతులు తీసి ఇస్తే? వాడేది ఎవరన్నది లైసెన్సు చూడదు. ఆ వాడకం ప్రధానంగా వాణిజ్య లాభం కోసమో డబ్బు రాబడి కోసమో ఉద్దేశించినదా అన్నదే చూస్తుంది. అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే సంస్థ తన గణిత పాఠాలను సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ కింద విడుదల చేసి, బడుల కోసం వాటికి ప్రతులు తీసిన ఫెడెక్స్ ఆఫీస్ మీద దావా వేసింది. వాణిజ్యేతర అవసరానికి బడి తరఫున ప్రతులు తీసిపెట్టిన దుకాణం లైసెన్సును ఉల్లంఘించినట్టు కాదని 2018లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. అయినా ఢిల్లీ జిరాక్సు దుకాణం కేసులో ఎదురైన ప్రశ్నకు ఓపెన్ లైసెన్సుల ప్రపంచంలో దగ్గరి బంధువు ఇదే కాబట్టి, దాని తర్కం ఇక్కడి అధ్యాపకులకు తెలిసి ఉండటం మంచిది.

లైసెన్సు పెట్టే ముందు అసలు ఆ హక్కు ఎవరిదన్నది తేలాలి. కాపీరైటు చట్టం 17(సి) ప్రకారం ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగ క్రమంలో తయారైన రచనకు వేరే ఒప్పందమేదీ లేకపోతే యజమానే తొలి హక్కుదారు. అధ్యాపకుడు సొంత చొరవతో రాత్రిళ్లు కూర్చుని రాసిన నోట్సు ఉద్యోగ క్రమంలోకి వస్తుందా రాదా అన్నది వాదనకు నిలిచే విషయమే. రాతపూర్వక విధానం లేని చోట దీని ఫలితం ఒక్కటే. జాగ్రత్తపరులైన అధ్యాపకులు ఏదీ పంచరు, తక్కినవారు ఏ లైసెన్సూ లేకుండా పీడీఎఫ్‌లను వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలేస్తారు. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ విద్యార్థి పరీక్ష గట్టెక్కడానికి పనికొస్తుందేమో గానీ, దాన్ని ఎవరు రాశారో, మార్చవచ్చో లేదో ఎవరికీ తెలియదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2016లో తన ఓపెన్ వనరుల విధానాన్ని ఆమోదించినప్పుడు ఎవరినీ బలవంతపెట్టలేదు. పంచదలచినవారికి సంస్థ అండ ఉందని, ఏ జాగ్రత్తలు పాటించాలో, ఏ లైసెన్సు మేలో రాసిపెట్టింది. అంతకుముందు లీడ్స్ విశ్వవిద్యాలయం తయారుచేసుకున్న విధానాన్నే ఆధారంగా తీసుకుని తనకు తగ్గట్టు మార్చుకుంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కూడా ఇలాంటి రెండు మూడు పేజీల పత్రాన్ని పాలకమండలిలో ఆమోదించుకుంటే అధ్యాపకుల సగం సంకోచం తీరుతుంది. దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

పంచుకోవడాన్ని జాతీయ స్థాయిలో, ప్రభుత్వ నిధులతో ప్రయత్నించిన బ్రిటన్ అనుభవం దగ్గర కొంతసేపు ఆగాలి. అక్కడ జోరమ్ అనే జాతీయ రిపాజిటరీ 2006లో సేవలు మొదలుపెట్టింది. మాంచెస్టర్, ఎడిన్‌బరోలలోని రెండు డేటా కేంద్రాలు, ఉన్నత విద్యలో డిజిటల్ సేవలకు తోడ్పడే జిస్క్ అనే సంస్థ నిధులతో దాన్ని నడిపాయి. మొదట్లో లోపలికి వెళ్లాలంటే సంస్థ ఒప్పందంపై సంతకం చేసి నమోదు కావాలి. పంచుకోవడం కోసమే కట్టిన చోటుకు పంచుకునేవారు రావడానికే అది అడ్డయింది. 2010లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులతో, నమోదు అవసరం లేకుండా జోరమ్‌ఓపెన్ వచ్చింది. దానికి ముందు 2009లో 57 లక్షల పౌండ్లతో మొదలైన ప్రయోగాత్మక కార్యక్రమం కింద విశ్వవిద్యాలయాలు, ఒక్కో సబ్జెక్టు బోధనకు తోడ్పడే విషయ కేంద్రాలు, వ్యక్తిగతంగా అధ్యాపకులు తమ పాఠాలను తెరిచి విడుదల చేశారు. మూడు దశలుగా సాగిన ఈ కార్యక్రమం 2012లో ముగిసింది. 2016లో జోరమ్‌ను మూసివేశారు.

ఆ ప్రాజెక్టుల్లో పనిచేసినవారికి అనుకోనంత శ్రమ పెట్టింది పరాయి సామగ్రిని వేరుచేయడం. ఏళ్లతరబడి వాడుతున్న స్లయిడ్ల సెట్టును విడుదలకు సిద్ధం చేయాలంటే ఒక్కో బొమ్మ ఎక్కడిదో ఆరా తీయాలి. ఫలానా పాఠ్యపుస్తకం నుంచి స్కాన్ చేసిన గుండె పటం, గూగుల్‌లో దొరికిన భవనం ఫొటో, ఎప్పుడో సహోద్యోగి ఇచ్చిన గ్రాఫు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వాటికి అనుమతి తెచ్చుకోవాలి, లేదా తీసేసి, తెరిచిన బొమ్మల భాండారమైన వికీమీడియా కామన్స్ లాంటి చోటు నుంచి మరొకటి వెతకాలి, లేదా కొత్తగా గీయాలి. పాత పాఠాన్ని ఇలా శుభ్రం చేయడం కన్నా కొత్త పాఠాన్ని మొదటి నుంచే తెరిచిన బొమ్మలతో రాయడం తేలికని చాలామందికి అనుభవం మీద తెలిసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకుడు తొలి స్లయిడు నుంచే బొమ్మ కింద మూలం, లైసెన్సు రాసుకునే అలవాటు చేసుకుంటే పదేళ్ల తరువాత ఆ శ్రమంతా తప్పుతుంది. శిక్షణ తరగతుల్లో గంటల తరబడి ‘ఈ-కంటెంట్’ గురించి చెప్పే బదులు ఈ ఒక్క అలవాటు నేర్పినా ప్రయోజనం ఎక్కువ.

బ్రిటన్‌లోనే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు పరిశోధన వ్యాసాల కోసం తాము రూపొందించిన ఈప్రింట్స్ సాఫ్ట్‌వేర్‌ను బోధన కోసం మార్చి, ఎడ్‌షేర్ అనే వేదికను, మానవీయ శాస్త్రాల అధ్యాపకులకు హమ్‌బాక్స్‌ను నిర్మించారు. పరిశోధన రిపాజిటరీకీ బోధన రిపాజిటరీకీ మధ్య తేడాను వీటిని కట్టినవారు బాగా గుర్తించారు. పరిశోధన వ్యాసం ముగిసిన రచన. దాని శీర్షిక, సారాంశం, పత్రిక పేరు ముందే సిద్ధంగా ఉంటాయి. పాఠం అలా కాదు, ప్రతి సెమిస్టరుకూ మారుతుంది. దానికి సారాంశం ఎవరూ రాయరు. ఫైలు పేరు ‘యూనిట్ 3 ఫైనల్ కొత్తది’ అని ఉంటుంది. డబ్లిన్ కోర్ అనే ప్రమాణంలోని పదిహేను అంశాలు ఒక పుస్తకాన్ని వర్ణించడానికి సరిపోతాయి. ఇది ఏ స్థాయి విద్యార్థికి, ముందుగా ఏం తెలిసి ఉండాలి, ఎన్ని పీరియడ్లు పడుతుంది, జవాబులు ఉన్నాయా లేవా అన్న అధ్యాపకుడి ప్రశ్నలకు ఆ పదిహేనింటిలో సూటిగా జవాబు దొరకదు. అలాగని ముప్ఫై గళ్ల ఫారం పెడితే అప్‌లోడ్ చేసేవారు మధ్యలోనే విరమించుకుంటారు. అందుకే హమ్‌బాక్స్ లాంటి చోట్ల ఫారాన్ని చిన్నదిగా ఉంచి, చేతికి వచ్చిన ఒక్క పేజీ కరపత్రాన్ని సైతం అలాగే పెట్టుకోనిచ్చి, పెట్టినవారి పేరుతో ఒక ప్రొఫైల్ పేజీ ఇచ్చారు. తమ పాఠం ఎవరి పేరుతో కనబడుతుందో, ఎవరు చూశారో తెలిస్తే అధ్యాపకులు మళ్లీ వస్తారన్నది దాని వెనకున్న లెక్క.

ఇక ఫైలు సంగతి. ఓపెన్ విద్యా రంగంలో ఎంతోకాలంగా రాస్తున్న అమెరికన్ విద్యావేత్త డేవిడ్ వైలీ, లైసెన్సు ఇచ్చే హక్కులను చెప్పి ఊరుకోకుండా, ఆ హక్కులు వాడుకోవడానికి సాంకేతికంగా ఏం కావాలో కూడా తన సహచరులతో కలిసి వివరించారు. మార్చడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉందా, దానికి ఎంత నేర్పు కావాలి, ఫైలు నిజంగా మార్చదగిన రూపంలో ఉందా, చూపే ఫైలూ సవరించే ఫైలూ ఒకటేనా అన్నవి వారు వేసిన ప్రశ్నలు. గణిత సూత్రాలు టైపు చేయడానికి వాడే లేటెక్‌లో రాసిన గణిత పాఠాన్ని పీడీఎఫ్‌గా మాత్రమే పెడితే అందులో ఒక్క గుర్తు మార్చాలన్నా మొత్తం మళ్లీ టైపు చేయాలి. మూల ఫైలును పక్కన ఉంచితే నిమిషంలో పని. చేతిరాత నోట్సును ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్ చేసి దాని మీద సీసీ బై ముద్ర వేస్తే చట్టం దృష్టిలో అది పూర్తిగా తెరిచిన వనరే, ఆచరణలో మాత్రం ఒక్క అక్షరమూ కదలదు.

తెలుగులో ఈ చిక్కు మరింత లోతైనది. డీటీపీ కేంద్రాల్లో దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు ‘అను’ లాంటి పాత ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కంటికి తెలుగే అయినా, కంప్యూటరుకు అది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల వరస మాత్రమే. అలాంటి పీడీఎఫ్ నుంచి ఒక పేరా ఎంచుకుని వర్డ్‌లో అతికిస్తే అర్థం లేని గీతలు, బ్రాకెట్లు, ఇంగ్లిషు అక్షరాలు వచ్చిపడతాయి. గూగుల్‌లో ఆ పాఠంలోని తెలుగు మాట కొట్టి వెతికితే ఆ ఫైలు కనబడదు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే వినబడేది అదే గందరగోళం. తెలుగు అక్షరాన్ని కంప్యూటరు తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో తయారైన పీడీఎఫ్‌లలో సైతం ఒత్తులు, గుణింతాలు కాపీ చేసేటప్పుడు చెదిరిపోవడం తెలుగువారందరికీ అనుభవమే. అందువల్ల తెలుగు పాఠ్యవనరుల రిపాజిటరీకి తొలి నియమం పీడీఎఫ్‌తోపాటు యూనికోడ్‌లో టైపు చేసిన మూల ఫైలు తప్పనిసరిగా ఉండాలన్నదే కావాలి. డిగ్రీ స్థాయి వరకు తెలుగులో పాఠ్యపుస్తకాలు తేవడానికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తయారుచేయించిన పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు ఎంతో విలువైనవి. వాటిని యూనికోడ్ పాఠంగా, స్పష్టమైన ఓపెన్ లైసెన్సుతో విడుదల చేస్తే తెలుగులో ఉన్నత విద్యకు అంతకు మించిన ఉపకారం ఉండదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలను 2021-22 నుంచి ఇంగ్లిషు మాధ్యమానికి మార్చిన తరువాత ఈ అవసరం తీరిపోయిందనుకోవడం పొరపాటు. ఇంగ్లిషు పుస్తకం చేతిలో ఉన్నా విషయాన్ని తెలుగులో అర్థం చేసుకోవలసిన విద్యార్థులు ఆ తరగతుల్లోనే కూర్చుని ఉన్నారు.

మార్చుకోవడానికి వీలుగా ముందే ఆలోచించి కట్టిన వనరు ఎలా ఉంటుందో చూడాలంటే ఐఐటీ బాంబేలో కన్నన్ మౌద్గల్య నడిపిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టును చూడాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లో కూర్చుని నేర్చుకునేందుకు పది నిమిషాల వీడియోలు తయారుచేయడం దాని పని. ప్రతి వీడియోకూ ముందుగా రెండు నిలువు వరుసల పట్టికలో స్క్రిప్టు రాస్తారు. ఒక వరుసలో తెర మీద ఏం కనబడాలి, పక్క వరుసలో అప్పుడు ఏం చెప్పాలి అన్నది ఉంటుంది. విషయం తెలిసినవారు దాన్ని పరిశీలించాక, ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నడూ వాడని కొత్తవారు ఒకరు స్క్రిప్టు చదువుతూ అదే పని చేసి చూస్తారు. వారు ఎక్కడ ఆగిపోతే అక్కడ మాట మారుస్తారు. రికార్డింగు ఆ తరువాతే. ఏ వాక్యం ఎన్నో సెకనులో వస్తుందో గుర్తించిన స్క్రిప్టు విడిగా ఉంటుంది కాబట్టి తెలుగులోకి తేవాలంటే కొత్త వీడియో తీయనక్కరలేదు, స్క్రిప్టు అనువదించి గొంతు మార్చితే చాలు. తెర మీది మెనూలు మాత్రం ఇంగ్లిషులోనే ఉంటాయి. రేపు ఉద్యోగంలో ఆ విద్యార్థి వాడేదీ ఆ మెనూలనే కాబట్టి ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు. ఈ పాఠాల లైసెన్సు సీసీ బై-ఎస్ఏ. ఇక్కడ లైసెన్సు ఇచ్చిన హక్కు, ఫైలు ఇచ్చిన వీలు ఒకదానితో ఒకటి కలిశాయి కనుకనే ఇన్ని భారతీయ భాషల్లోకి అవి వెళ్లగలిగాయి.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం దారి వేరు. అక్కడ ముందు వచ్చినవి తరగతిలో ఆచార్యుడు మాట్లాడిన గంట నిడివి వీడియోలు. మాటను రాతలోకి దించి, ఆ రాతను తెలుగు సహా పలు భాషల్లోకి అనువదించి, ఉపశీర్షికలుగా, పీడీఎఫ్‌లుగా ఇచ్చే పని తరువాత చేపట్టారు. నోటిమాటలో సగంలో ఆగే వాక్యాలు, బోర్డు వైపు చూపిస్తూ ‘ఇది అక్కడికి వెళ్తుంది’ అనే తీరు రాతలోకి వచ్చేసరికి అర్థం చెదురుతుంది. అనువాదకులకు అది ఎంత కష్టమో ఆ ప్రతులు చదివితే తెలుస్తుంది. ఒక పాఠం ఏదో ఒకనాడు మరో భాషలోకి వెళ్తుందని మొదటిరోజే ఊహించి రాయడానికీ, వెళ్లాక సరిదిద్దుకోవడానికీ శ్రమలో ఎంతో తేడా ఉంది.

ఈ శ్రమకు గుర్తింపు ఏది అన్నది ప్రతి అధ్యాపకుడూ అడిగే ప్రశ్న, అడగవలసిన ప్రశ్న కూడా. పరిశోధన గ్రంథాలు శోధ్‌గంగలో చేరడానికి యూజీసీ నిబంధన ఉంది. బోధన వనరులకు అలాంటిదేదీ లేదు. 2018 యూజీసీ నిబంధనల్లో ఈ-కంటెంట్ తయారీకి పదోన్నతిలో లెక్కించే పాయింట్లు ఉన్నాయి. ఇతరులు తయారుచేసిన మంచి పాఠాన్ని తీసుకుని అందులో తప్పు దిద్దినందుకు, తన జిల్లా ఉదాహరణలతో మెరుగుపరచినందుకు విడిగా పాయింట్లు లేవు. దీంతో ఒకే అంశం మీద కొత్త మాడ్యూళ్లు పుట్టుకొస్తాయే తప్ప, ఉన్నది బాగుపడదు. సవరణకు విలువ కట్టని వ్యవస్థలో, సవరణ కోసమే పుట్టిన ఓపెన్ లైసెన్సు అలంకారంగా మిగిలిపోతుంది. పదోన్నతి పత్రంలో ‘ఇతరుల ఓపెన్ వనరు మెరుగుపరచడం’ అనే గడి ఒకటి చేర్చడం విశ్వవిద్యాలయాల స్థాయిలోనే మొదలుకావచ్చు. ఎవరు ఏం మార్చారో తేదీలతో సహా నమోదు చేసే ఏర్పాటు రిపాజిటరీలో ఉంటే దానికి సాక్ష్యం కూడా అక్కడే దొరుకుతుంది.

చివరిగా తేలవలసింది ఆ వనరు ఎన్నాళ్లు ఉంటుందన్నది. జోరమ్ మూతపడటం బ్రిటన్ అధ్యాపకులకు పాఠమైతే, తెలుగు చదువరులకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు అందులో చేరాయి. తరువాత ఆ సైటు తెరుచుకోవడం మానేసింది. అప్పటికే ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండబట్టి ఇప్పటికీ ఆ పుస్తకాలు దొరుకుతున్నాయి. ఒక ఫైలు ప్రతులు ఒకటికి నాలుగు చోట్ల ఉండటమే భద్రత. అలా ఉంచే హక్కును అందరికీ ముందే ఇచ్చేది ఓపెన్ లైసెన్సు. అయితే ఇక్కడా లైసెన్సు ఎంపిక వచ్చి అడ్డుపడుతుంది. వికీమీడియా కామన్స్ వాణిజ్య నిషేధం ఉన్న ఫైళ్లను గానీ, మార్పులను నిషేధించిన ఫైళ్లను గానీ తీసుకోదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు, యూరప్‌లో సెర్న్ పరిశోధన సంస్థ నడిపే జెనోడో అనే ఆర్కైవ్‌కు ఆ పట్టింపు లేదు. జెనోడో తన దగ్గర పెట్టిన ప్రతి వనరుకూ శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తుంది, కొత్త రూపం పెట్టినప్పుడు పాతదాన్ని కూడా నిలిపి ఉంచుతుంది. తన పాఠం వికీపీడియా వ్యాసంలోనూ చేరాలనుకునే అధ్యాపకుడికి సీసీ బై గానీ, సీసీ బై-ఎస్ఏ గానీ, హక్కులన్నీ వదులుకునే సీసీ0 గానీ తప్ప వేరే దారి లేదు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పరిశోధన గ్రంథాలను శోధ్‌గంగకు పంపే సిబ్బంది ఇప్పటికే ఉన్నారు, డీస్పేస్ వాడకం వారికి కొత్త కాదు. గ్రంథాలయం తన సర్వరులో బోధన వనరులకు ఒక విభాగం తెరవాలంటే సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. పేపరు పేరు, సెమిస్టరు, ముందుగా తెలిసి ఉండవలసినవి, లైసెన్సు, మూల ఫైలు అనే ఐదు గళ్లతో ఫారం పెట్టి, లైసెన్సు గడి ఖాళీగా ఉంటే, మూల ఫైలు లేకుంటే అప్‌లోడ్ ముందుకు సాగకుండా చూస్తే చాలు. పెట్టిన ప్రతి ఫైలుకూ రెండో ప్రతి బయట మరో ఆర్కైవ్‌లో చేర్చే బాధ్యత ఆ గ్రంథాలయ సిబ్బంది ఒకరి ఉద్యోగ విధుల్లో రాతపూర్వకంగా ఉండాలి.